వెనక ఇరుసు సంస్కరణలపై శ్వేతపత్రం

బాగా నడుస్తున్న కారును విప్పడం ఎందుకని అడిగేవాళ్లు ప్రతి కాలంలోనూ ఉంటారు. మా ఇంట్లో ప్రస్తుతం ముగ్గురున్నారు. నా హాట్‌రాడ్ (వేగం కోసం మార్చి కట్టుకున్న పాత మోడల్ కారు) వెనక ఇరుసులో 3.00 గేర్లు తీసేసి 4.11 గేర్లు వేయడం విలాసం కాదు, చారిత్రక అవసరం అని ఆ ముగ్గురికీ, వాళ్ల ద్వారా లోకానికీ తెలియజెప్పడానికే ఈ శ్వేతపత్రం. మన దగ్గర శ్వేతపత్రాలు ఖజానా ఖాళీ అయ్యాకే వస్తాయి. ఇదీ ఆ సంప్రదాయం తప్పలేదు.

ముందు ఆస్తి వివరాలు. మా డాలస్ శివార్లలో నా బండిని అందరూ 1932 ఫోర్డ్ అంటారు. మామూలు జనం కొనగలిగే ధరలో ఫోర్డ్ వాళ్లు వీ8 ఇంజన్ పెట్టి అమ్మిన మొదటి మోడల్ అది. అప్పట్లో దాని బలం 65 హార్స్‌పవర్. నా బండిలో 1932 నాటిది ఆకారం ఒక్కటే. బాడీ ఫైబర్‌గ్లాస్, ఇంజన్ షెవర్లే 350, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కూడా అటువైపుదే, వెనక ఇరుసు మాత్రం ఫోర్డ్ నైన్ ఇంచ్. ఇంటిపేరు ఫోర్డ్, గుండెకాయ షెవర్లే. మేనరికాలు వద్దని డాక్టర్లు మొత్తుకుంటున్న రోజుల్లో ఇంతకన్నా ఆరోగ్యమైన సంబంధం ఏముంటుంది?

రెండేళ్లు హాయిగా నడిచింది. శనివారం సాయంత్రాలు మూడు మైళ్ల దూరంలో ఉన్న బర్గర్ల కొట్టు ముందు పాత కార్లవాళ్లంతా చేరతాం. ఒకసారి నెరిసిన గడ్డం పెద్దాయన ఒకరు నా బండి వెనక మోకాళ్ల మీద కూర్చుని, ఇరుసు కేసి చూసి, “లోపల ఏం గేర్లున్నాయి?” అని అడిగారు. మూడు అన్నాను. ఆయన లేచి నిలబడి నా భుజం మీద చెయ్యి వేశారు. ముప్ఫై ఐదేళ్లొచ్చినా పెళ్లి కాని కుర్రాణ్ణి పేరంటంలో పలకరించే పెద్దమ్మల ముఖం ఎలా ఉంటుందో, ఆయన ముఖం సరిగ్గా అలా ఉంది. “హైవే గేర్లు. పాపం,” అన్నారు. ఆ ‘పాపం’ ఖరీదు ఎంతయిందో ముందుముందు చెబుతాను.

మూడంటే ఏమిటి, 4.11 అంటే ఏమిటి అని పన్ను కట్టే పౌరులు అడగవచ్చు. ఇంజన్ నుంచి వచ్చే పొడవాటి షాఫ్టు చివర చిన్న పినియన్ ఉంటుంది. అది పళ్లెమంత పెద్ద క్రౌన్ చక్రాన్ని తిప్పుతుంది. క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. నా పాత జోడీ 39కి 13. షాఫ్టు మూడు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. కొత్తది 37కి 9. ఇంజన్ ఎక్కువసార్లు తిరగాలి, బదులుగా చక్రానికి 37 శాతం ఎక్కువ తోపు దొరుకుతుంది. (ఇంకో ముచ్చట. 39కి 13 జోడీలో పినియన్ మీది ఒక్కో పన్ను జీవితాంతం క్రౌన్ మీది అవే మూడు పళ్లను తాకుతుంది. 37కి 9లో ఒక్కో పన్నూ అన్ని పళ్లతోనూ పరిచయం చేసుకుంటుంది. మొదటిది మా పాత కాలనీ వాచ్‌మన్, రెండోది ఎన్నికల ముందు అభ్యర్థి.)

ఇక్కడ మా మావయ్యగారి ప్రస్తావన తప్పదు. ఆరు నెలలుండి వెళ్దామని వచ్చారు. విజయవాడ ఆటోనగర్‌తో పాతికేళ్లు సావాసం చేసిన లారీ ఓనరు. అమెరికా వచ్చాక ఆయనకు కాస్త ఊపిరాడేది మా గ్యారేజీలోనే. సంస్కరణల ప్రతిపాదన వినగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “క్రౌన్ పళ్లు రాలాయాండీ అల్లుడుగారూ?”

“లేదండీ, బ్రహ్మాండంగా ఉన్నాయి.”

“మరి మోత వస్తోందాండీ?”

“లేదండీ.”

ఆయన ఇంకేం అడగలేదు. అల్లుణ్ణి ఇంతకు మించి నిలదీయకూడదు గదా. కాఫీ కప్పు చేతిలో పట్టుకుని చాలాసేపు గ్యారేజీ పైకప్పు చూశారు. పళ్లు రాలితే మార్చడం రిపేరు మావయ్యగారూ, రాలకముందే మార్చడం అభిరుచి అని చెబుదామనుకున్నాను. ఆయన పైకప్పు చూస్తున్న తీరు చూసి ఊరుకున్నాను.

విమర్శకులకు చరిత్ర తెలియదు. 1930లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డులు కొని, మడ్‌గార్డులు పీకేసి, మ్యూరాక్ లాంటి ఎండిన సరస్సుల మీద పరిగెత్తించేవాళ్లు. 1937లో వాళ్ల క్లబ్బులు కొన్ని కలిసి ఒక సంఘం కూడా పెట్టుకున్నాయి. అంత పొడుగాటి మైదానంలో చివరి వేగమే ముఖ్యం. ఆ తర్వాత పావు మైలు పందేలు, అంటే 402 మీటర్ల పరుగు, ఊపందుకున్నాయి. అక్కడ బయలుదేరడమే ముఖ్యం. ఒక్కో పందేనికి ఒక్కో గేరు కావాలి. హాలిబ్రాండ్ కంపెనీ క్విక్ చేంజ్ ఇరుసులకు వెనక ఒక మూత ఉంటుంది. అది తీసి రెండు గేర్లు మారిస్తే చాలు, పందెం మైదానంలోనే నిమిషాల్లో నిష్పత్తి మారిపోతుంది. ఇంతటి వారసత్వం ఉన్న బండిని ఉల్లిపాయ ముక్కలెక్కువ వేసిన బర్గర్ కోసం మూడు మైళ్లు నడిపేవాడు 3.00 గేర్లతో సరిపెట్టుకోవాలనడం న్యాయమేనా?

పని మొదలైంది. ఫోర్డ్ నైన్ ఇంచ్ 1957 నుంచి 1986 దాకా తయారైంది. ఇప్పటికీ దాని మీద ఇంత మోజు ఎందుకంటే, గేర్లున్న గుండ్రటి భాగం మొత్తం ముందువైపు నుంచి ఒక్క ముక్కగా ఊడి వస్తుంది. దాన్ని ఇక్కడ గుమ్మడికాయ అంటారు. బరువు ముప్ఫై కిలోల పైనే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని మనవాళ్లు ఊరికే అనలేదు. దాన్ని కారు కింద పడుకుని గుండెల మీదికి దించుకున్న నేను వారం రోజులు భుజాలు తడుముకుంటూనే ఉన్నాను. ఆ వారంలోనే మా ఆవిడ క్రెడిట్ కార్డు బిల్లు పట్టుకుని, “ఇది ఎవరి పని?” అని అడిగింది. రెండు కారణాలతోనూ తడుముకున్నాను.

గుమ్మడికాయతో పాటు లోపలి గేర్ ఆయిల్ కూడా దిగింది. సగం ట్రేలో, సగం నా చొక్కా మీద. ఆ ఆయిల్లో గంధకం సమ్మేళనాలుంటాయి. గ్యారేజీ నుంచి ఇంట్లోకి తలుపుంటుంది. చొక్కా మూడుసార్లు ఉతికాం. ఇంగువ కట్టిన గుడ్డ సామెత తెలుగు వచ్చినవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. కొంచెం ఆయిల్ డ్రైవ్‌వే మీదికి కూడా పాకింది. కాలనీ సంఘం వాళ్లు రంగుల ఫొటోతో సహా ఉత్తరం రాశారు. అంత చక్కగా మా పెళ్లి ఫొటోలు కూడా రాలేదు.

అసలు విద్య అంతా బిగించడంలో ఉంది. పినియన్ ఎంత లోతుకు దిగాలో షిమ్ములనే సన్నని రేకులతో సరిచేయాలి. క్రౌన్‌కూ పినియన్‌కూ మధ్య వదలాల్సిన సందు అంగుళంలో వెయ్యింట ఎనిమిది నుంచి పన్నెండు వంతులు. నాలుగు తలవెంట్రుకలు పక్కపక్కన పెడితే దాదాపు అంత. నా నెత్తి మీద కొలతకు కూడా మిగలవేమోనన్న టెన్షన్ ఒకటి. డయల్ గేజ్ ముల్లు చూస్తూ నేను ఒక నట్టు తిప్పితే, ముల్లు చూడకుండా క్రౌన్‌ను చేత్తో అటూ ఇటూ కదిపి, “ఇంకో పిసరు అండీ,” అనేవారు మావయ్యగారు. గేజ్ ఆయన మాటే చెప్పేది. ఎనభై డాలర్లు పెట్టి కొన్న గేజ్.

పళ్లు సరిగా కలుస్తున్నాయో లేదో చూడటానికి వాటికి పసుపురంగు ముద్ద పూసి తిప్పుతారు. ముద్ద ఎక్కడ చెరిగిందో చూస్తే తాకిడి పంటికి మధ్యలో పడుతోందా, పక్కకు పోతోందా అన్నది తెలుస్తుంది. చెంచాడు పసుపు తీసుకుని క్రౌన్ పళ్లకు శ్రద్ధగా పూస్తున్న నన్ను చూసి మావయ్యగారు చెప్పులు విడిచారు. “కుంకుమ తెమ్మంటారాండీ?” అన్నారు. వేళాకోళమో కాదో ఇప్పటికీ తేలలేదు. ఆ మచ్చ పంటికి మధ్యలోకి వచ్చేసరికి గుమ్మడికాయ నాలుగుసార్లు విప్పాం. నాలుగోసారి విప్పింది ఆయనే.

బండి రోడ్డెక్కింది. పెడల్ మీద పాదం ఆనిస్తే చాలు, గోదావరి ఎక్స్‌ప్రెస్ ప్లాట్‌ఫామ్ వదిలేదాకా ఆగి ఆగి చూసే మనిషి ఒక్కసారిగా పరుగందుకున్నట్టు ఉంది. అయితే గేర్ల పెట్టెలో ఒక కాగితం కూడా వచ్చింది. కొత్త పళ్లు అలవాటు పడాలి కనుక ముందు పదిహేను ఇరవై నిమిషాలు నెమ్మదిగా నడిపి పూర్తిగా చల్లారనివ్వాలి, 500 మైళ్ల దాకా పెడల్ గట్టిగా తొక్కకూడదు, ఆ తర్వాత ఆయిల్ మార్చాలి. గట్టిగా తొక్కడానికే కొన్న గేర్లతో పాటు గట్టిగా తొక్కవద్దని కాగితం. బర్గర్ల కొట్టుకు రానూపోనూ ఆరు మైళ్లు. 500 మైళ్లంటే 83 శనివారాలు. మావయ్యగారి వీసా అన్నాళ్లు లేదు.

అందుకని హైవే ఎక్కాం. స్పీడోమీటర్ గంటకు 82 మైళ్లు చూపిస్తోంది. నేను ఛాతీ విరుచుకుని నడుపుతుంటే ఎడమ పక్క నుంచి పరుపులు వేసుకున్న లారీ ఒకటి దాటిపోయింది. తర్వాత ఒక పెద్దావిడ దాటింది, చేత్తో అరటిపండు తింటూ. స్పీడోమీటర్‌కు కబురు అందేది గేర్‌బాక్స్ నుంచి. వెనక ఇరుసులో ప్రభుత్వం మారిన సంగతి దానికి తెలియదు. మేం నిజంగా వెళ్తున్నది 60. పాత లెక్కకు 37 శాతం కలిపి చూపిస్తోంది. ఇలాంటి గణాంకాలతో నడిచే ప్రభుత్వాలున్నాయి, కారు నడవకూడదా?

65కి పెంచితే ఇంజన్ నిమిషానికి 3,200 చుట్లు తిరుగుతోంది. ఇదివరకు అదే వేగానికి 2,340 చాలేది. దానికి తోడు వెనక నుంచి సన్నగా ఒక రాగం. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అంటారు. నేను కందెన రెండు క్వార్టులు పైగా పోశాను, అయినా కచేరీ ఆగలేదు. ముందు సీట్లో ఇద్దరం నలభై నిమిషాలు ఒక్క మాట మాట్లాడుకోలేదు. మాట్లాడుకున్నా వినబడేది కాదు.

పెద్దాయన దగ్గర దీనికి మందు సిద్ధంగా ఉంది. “ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్స్ వేయి. 700ఆర్4 వేస్తే హైవే మీద ఇంజన్ నిద్రపోతుంది.” సంస్కరణల రెండో విడత. రెండున్నర వేల డాలర్లు. ఆ గేర్‌బాక్స్ పై గేరు 0.70, అంటే ఇంజన్ 0.70 చుట్టు తిరిగితేనే షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి భోజనాల దగ్గర రొట్టె తుంచుతూ అంది: “నాన్నా, 4.11 ఇంటూ 0.70 అంటే 2.88. మన దగ్గర ముందున్నది 3.00 కదా?”

ఇంట్లో పిల్లలకు లెక్కల ట్యూషన్ పెట్టించే తల్లిదండ్రులు ఒకసారి ఆలోచించుకోవాలి.

ఆమె చెప్పింది నిజమే. ఇంత ఖర్చు పెట్టి హైవే మీద బయలుదేరిన చోటుకన్నా ఒక మెట్టు కిందకే చేరాం. కానీ బయలుదేరేటప్పుడు మాట వేరు. కొత్త గేర్‌బాక్స్ మొదటి గేరు 3.06. దాన్ని 4.11తో హెచ్చవేస్తే పన్నెండున్నర. ఇదివరకు ఏడున్నర. అంత తోపు వచ్చేసరికి ఎర్ర లైటు పచ్చగా మారగానే బండి కదలడం మానేసి కుడి వెనక చక్రం ఒక్కటే గిర్రున తిరిగి పొగ పెట్టడం మొదలుపెట్టింది. ఇరుసు మధ్యలో బలం పంచిపెట్టే మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగానే బలం ఇస్తుంది, పట్టు తక్కువున్న చక్రం ఎంత మోయగలిగితే అంతే. “జోడెడ్లలో ఒకటి మొరాయిస్తే రెండోదీ అంతే లాగుతుందండీ,” అన్నారు మావయ్యగారు. ఆయన అప్పటికే పార్టీ మారిపోయారని నేను ఆ క్షణంలో గ్రహించాల్సింది.

మూడో విడతలో, ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేశాం. మళ్లీ గుమ్మడికాయ, మళ్లీ పసుపు, మళ్లీ ఇంగువ. ఇప్పుడు రెండు చక్రాలూ గిర్రున తిరుగుతున్నాయి. సమానత్వం వచ్చింది, పట్టు రాలేదు. పట్టు కోసం వెనక టైర్లు 28 అంగుళాల ఎత్తువి తీసి, 31 అంగుళాల వెడల్పాటివి వేశాం. బండి అందం అమాంతం పెరిగింది. శనివారం పెద్దాయన చుట్టూ తిరిగి చూశారు, టైరును బూటుతో తట్టారు, వంగి గుమ్మడికాయ కేసి చూశారు.

“లోపల ఏముంది?”

“4.11,” అన్నాను, ఈసారి తల ఎత్తి.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. “ఇంత పెద్ద టైర్లకు అది చాలదు. టైరు పెరిగితే గేరు తగ్గినట్టే. నీకు ఇప్పుడున్నది నిజానికి 3.71. 4.56 వేయాలి. పాపం.”

ఇంటికొచ్చి అమ్మాయి చేత లెక్క కట్టించాను. 31 అంగుళాల టైరు మీద 4.56 అంటే పాత టైరు మీద 4.12తో సమానం. అంటే రెండు విడతల కిందట మనం ఉన్న చోటు. మా ఆవిడ ఏమీ అనలేదు, టీవీ సౌండ్ కాస్త పెంచింది. నేను వినమ్రంగా గ్యారేజీలోకి వెళ్లి, ఇక చాలు, సంస్కరణలకు కొంత విరామం ఇద్దామని మావయ్యగారితో అన్నాను.

ఆయన అల్మారాలోంచి పసుపు డబ్బా తీసి, మూత తెరిచి, లైటు కేసి పట్టి చూశారు.

“ఇందులో ఇంకా సగం ఉందండీ అల్లుడుగారూ,” అన్నారు. “పారేయలేం గదా. నా టికెట్టు ఒక నెల తర్వాతకి మార్చడానికి ఎంతవుతుందో కనుక్కోండి.”