నచ్చిందని దాచుకున్నారు సరే, ఎందుకు నచ్చిందో రాసుకున్నారా?

పోయిన నెల రెండు రాత్రులు కూర్చుని నా పాత బుక్‌మార్కులన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాను. వెయ్యీ తొమ్మిది వందల పైచిలుకు ఉన్నాయి. "భలే ఉందే, తీరిగ్గా చూద్దాం" అనుకుంటూ ఏళ్ళ తరబడి దాచుకున్నవి. నేను వాడుతూ వచ్చిన యాప్ ఒకటి, మూసేస్తున్నామని మెయిల్ పంపింది. గడువు దాటకముందే అన్నీ ఒక ఫైల్‌గా దించుకుని పక్కన పడేశాను. వాటిని చూసే తీరిక ఇన్నాళ్ళకు దొరికింది.

ఆ ఫైల్ లోపల ఎలా ఉంటుందో చాలామంది చూసి ఉండరు. మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి లైన్‌లోనే నెట్‌స్కేప్ పేరు కనిపిస్తుంది. ఆ బ్రౌజర్‌కు 2008లోనే సపోర్ట్ ఆగిపోయింది. అయినా ఇవాళ క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో బుక్‌మార్కులు ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ పేరే పైన వస్తుంది. దాని కింద వరసగా ఒక్కో అడ్రసు, పేజీ పేరు, పదంకెల సంఖ్య ఒకటి. 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లవి. అంటే ఆ పేజీని నేను ఏ సెకనులో దాచుకున్నానో కూడా అందులో ఉంది. ఎందుకు దాచుకున్నానో మాత్రం లేదు.

నా బాధంతా అదే.

"హోమ్" అన్న పేరుతో పదకొండు లింకులున్నాయి. "పార్ట్ 2" అని ఒకటుంది. దేనికి రెండో భాగమో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు, తెరుద్దామంటే పేజీ లేదు. ఇలా పోయినవి చాలానే ఉన్నాయి. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ 2024లో ఒక లెక్క చెప్పింది: 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం, పదేళ్ళు తిరిగేసరికి తెరుచుకోవడం లేదట. ఆ వార్త చదివినప్పుడు అయ్యో అనుకున్నానంతే. నా సొంత ఫైల్ ముందు కూర్చుని, ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ పేజీలు చూస్తుంటే కడుపులో దేవినట్టయింది.

అయితే తెరుచుకున్నవి నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టాయి. పేజీ బాగానే ఉంది, చివరిదాకా చదివాను. ఇందులో నన్ను ఆపింది ఏమిటో తెలియలేదు. ఆ రోజు నా మనసులో ఒక ప్రశ్న ఉండి ఉంటుంది, దానికి ఇక్కడ జవాబు దొరికి ఉంటుంది. ఆ ప్రశ్న నేను రాసుకోలేదు. లింకు మిగిలింది, ప్రశ్న పోయింది.

మొత్తం మీద ఓ ముప్పై లింకులకు మాత్రం నా చేత్తో రాసిన వాక్యం ఉంది. వాటిలో ఒకటి చెప్తాను. విడిపోయిన పాత పుస్తకాన్ని దారంతో మళ్ళీ ఎలా కుట్టాలో ఎవరో ఫొటోలతో వివరించిన పేజీ అది. పక్కన నేను ఇలా రాసుకున్నాను: "మూడో ఫొటో చూడు. దారం బిగించేటప్పుడు వెన్ను వెంబడే, కుట్టు వెళ్తున్న దిక్కుకే లాగాలి. ఎదురుగా మన వైపు లాగితే మడత దగ్గర కాగితం చిరుగుతుంది."

ఆ సైటు ఇప్పుడు లేదు. అడ్రసు తీసుకెళ్ళి ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్‌లో వేశాను. 1996 నుంచి వెబ్ పేజీలను భద్రపరుస్తున్న సంస్థ అది, వాళ్ళకు ఎంత రుణపడి ఉన్నామో చెప్పలేను. పేజీ వచ్చింది. రాత అంతా ఉంది, మొదటి రెండు ఫొటోలూ ఉన్నాయి. మూడో ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ గడి ఉంది. కానీ ఆ ఫొటోలో ఏముందో నాకు తెలుసు. దారం ఎటు లాగాలో తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట అర నిమిషం ఆగి రాసుకున్న మూడు ముక్కలు ఆ పేజీ కంటే ఎక్కువ కాలం బతికాయి. ఆ రాత్రి స్క్రీన్ ముందు చాలాసేపు అలాగే ఉండిపోయాను.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన సంగతి కూడా కాదు. వెబ్ పుట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందే, 1945 జులైలో వానీవర్ బుష్ అనే అమెరికన్ ఇంజినీరు అట్లాంటిక్ పత్రికలో మెమెక్స్ అనే యంత్రాన్ని ఊహించి రాశాడు. బల్లలాంటి ఆ యంత్రంలో మనిషి తన పుస్తకాలు, ఉత్తరాలు, కాగితాలు అన్నీ దాచుకుంటాడు. ఒక కాగితానికీ ఇంకోదానికీ ముడి వేసుకుంటూ తనదైన దారి వేసుకుంటాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణలో ఒకతను విల్లులు, బాణాల చరిత్ర వెతుకుతూ పోతుంటాడు. మధ్యలో తన మాటలు కూడా చేరుస్తాడు. కొన్నేళ్ళకు స్నేహితుడితో మాటల్లో ఆ ప్రస్తావన వస్తే, ఆ దారినంతా కాపీ తీసి అతని చేతిలో పెడతాడు. తన వ్యాఖ్యతో సహా దాచుకోవడం, దాచుకున్నది ఇంకొకరికి ఇవ్వడం, రెండూ ఆ ఊహలో ఒకే పనిగా ఉన్నాయి.

2003లో వచ్చిన డెలిషియస్ అనే బుక్‌మార్కుల సైటు దానికి దగ్గరగా వెళ్ళిందని నాకనిపిస్తుంది. లింకు దాచుకునేటప్పుడు మన మాట రాసుకోవడానికి అక్కడ చోటుండేది, మనకు తోచిన ట్యాగులు పెట్టుకునేవాళ్ళం. అదే లింకును ఇంకా ఎవరెవరు దాచుకున్నారో కనిపించేది. ఒక మంచి లింకు పట్టుకుని ఒక మనిషి దగ్గరికి, ఆ మనిషి నుంచి ఇంకో వంద మంచి లింకుల దగ్గరికి వెళ్ళేవాళ్ళం. 2005లో యాహూ దాన్ని కొనుక్కుంది. ఆ తర్వాత చేతులు మారీ మారీ 2017లో పిన్‌బోర్డ్ అనే ఇంకో బుక్‌మార్కుల సైటు దగ్గరికి చేరింది, కొత్తవి దాచుకునే వీలు అక్కడితో ఆగిపోయింది. తర్వాత చదువుకోవడానికి లింకులు దాచుకునే పాకెట్ యాప్ కూడా 2025 జులైలో మూతపడింది. ఇప్పుడు మన చేతిలో ఉన్నదల్లా ఒక చిన్న రిబ్బన్ గుర్తు. నొక్కితే నల్లబడుతుంది, పని అయిపోయిందనిపిస్తుంది. చాలా యాప్‌లలో పక్కన ఒక్క మాట రాసుకునే గడి కూడా ఉండదు. దీని మీద నాకు నిజంగానే కోపం ఉంది.

ఇక పంచుకోవడం సంగతి. నా స్నేహితురాలు ఒకామె ఆకుల అంచులు ఎన్ని రకాలో చూపిస్తూ ఒక బొమ్మ వేసింది. దాని మీద నాలుగు వారాలు కూర్చుంది. కుడి వైపు కింద మూలలో సంతకం పెట్టి తన పేజీలో ఉంచింది. రెండు నెలలకు ఆ బొమ్మ వాళ్ళ పిన్ని నుంచి ఆమె ఫోన్‌కే వచ్చింది, ఫార్వర్డ్‌గా. మూల కత్తిరించి ఉంది. కింద పిన్ని రాసిన మాట: "చూడవే, ఎవరో ఎంత చక్కగా వేశారో. నువ్వూ ఇలాంటివి వెయ్యొచ్చు కదా!" పిన్ని తప్పేమీ లేదు, ఆమెకు అలాగే వచ్చింది. కానీ నాకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పేటప్పుడు నా స్నేహితురాలి గొంతు వణికింది. మళ్ళీ బొమ్మ వెయ్యడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది.

స్క్రీన్‌షాట్ తీసి పంపేవాళ్ళలో చెడు ఉద్దేశం ఉంటుందని నేను అనను. నచ్చింది, నలుగురికీ చూపించాలనిపించింది. అది ప్రేమే. కానీ లింకు పంపితే అవతలి మనిషి తయారుచేసినవారి ఇంటి గుమ్మం దాకా వెళ్తాడు, అక్కడున్న మిగతా పదీ చూస్తాడు. పేరు కత్తిరించిన బొమ్మతో దారి అక్కడికక్కడే తెగిపోతుంది. "లింకులు ఎవరు తెరుస్తారండీ" అంటారు. నిజమే, లాగిన్ అడిగే సైట్లు, పేజీ నిండా ప్రకటనలు విసుగు పుట్టిస్తాయి. అలాంటప్పుడు బొమ్మా పంపండి, లింకూ పంపండి. రేపు లింకు పోయినా బొమ్మ మిగులుతుంది, బొమ్మ ఎటు తిరిగినా పేరు వెంట ఉంటుంది.

లింకు పంపేటప్పుడు దాని తోక కూడా కాస్త చూడండి. ప్రశ్న గుర్తు తర్వాత యూటీఎం (utm) అనో, ఎఫ్‌బీక్లిడ్ (fbclid) అనో మొదలయ్యే పొడుగాటి ముక్కలు మనం ఎటు నుంచి వచ్చామో కనిపెట్టడానికి తగిలించినవి. తీసేసినా పేజీ తెరుచుకుంటుంది. అలాగని ప్రశ్న గుర్తు దగ్గర నుంచి మొత్తం కోసేయకండి, చాలా యూట్యూబ్ లింకుల్లో అది ఏ వీడియోనో చెప్పే ముక్క ఉండేది అక్కడే. దాచుకోవడానికి మాత్రం పొట్టి లింకులు, అంటే పొడుగాటి అడ్రసును కుదించి ఇచ్చేవి, వద్దు. గూగుల్ వాళ్ళ పొట్టి లింకుల్లోనే చాలా వాటిని 2025 ఆగస్టులో ఆపేశారు. గంట వీడియోలో మీకు నచ్చింది 42వ నిమిషమైతే ఆ నిమిషం నుంచి మొదలయ్యే లింకు పంపండి. అవతలివాళ్ళ గంట కూడా గంటే కదా.

నేనిప్పుడు ఆ ఫైల్‌లోంచి రెండు వందల పన్నెండు లింకులు ఉంచుకున్నాను. ఒక్కోదానికి ఒక వాక్యం రాస్తున్నాను, రోజుకు నాలుగైదు అవుతున్నాయి. వాక్యం రాయలేకపోయినవాటిని తీసేస్తున్నాను. మొదట్లో చెయ్యి ఆడలేదు, ఇప్పుడు ఆడుతోంది.

మీరు దాచుకున్నవాటిలోంచి ఒక్కటి ఈ పోస్ట్ కింద పెట్టండి. లింకు, తయారుచేసినవారి పేరు, అందులో మిమ్మల్ని ఆపిన చోటు. నేను నా స్నేహితురాలి బొమ్మతో మొదలుపెడుతున్నాను, ఆమెను అడిగే పెడుతున్నాను. మొదటి కామెంట్‌లో లింకూ ఆమె పేరూ ఉన్నాయి. పై వరసలో ఎడమ నుంచి నాలుగో ఆకు దగ్గర ఆగి, బొమ్మను పెద్దది చేసి చూడండి. దాని అంచుకు రంపం పళ్ళున్నాయి, ఒక్కో పన్నుకు మళ్ళీ చిన్న పళ్ళున్నాయి.