పది కిలోమీటర్ల గీత అవతల

2025 జూలై 11న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌ను నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో శ్రద్ధగా చదివినవారు తక్కువ. చదివిన కొద్దిమందిలోనూ చాలామంది దాన్ని కరెంటు ఖర్చుకు సంబంధించిన వ్యవహారంగానే చూశారు. థర్మల్ విద్యుత్ కేంద్రాల పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను కడిగి తొలగించే యంత్రాలను అమర్చుకోవాలని 2015 డిసెంబరులో నిబంధన పెట్టారు. దానికి 2017 గడువు. ఆ గడువు 2022కు జరిగింది, అక్కడి నుంచి మళ్లీ మళ్లీ జరిగింది. చివరికి గడువు పొడిగించే శ్రమ కూడా లేకుండా, దేశంలోని దాదాపు 78 శాతం యూనిట్లకు ఆ నిబంధన నుంచే మినహాయింపు ఇచ్చారు. ఈ నిర్ణయాన్ని విద్యుత్ రంగ సంస్కరణగా లెక్కగట్టడం పొరపాటని, పదేళ్లలో గ్రామీణ ప్రజారోగ్యం మీద తీసుకున్న అతి పెద్ద నిర్ణయాల్లో ఇదొకటని నా అభిప్రాయం.

మినహాయింపు ఎవరికి అన్న ప్రశ్నకు నోటిఫికేషన్ చెప్పిన జవాబులోనే అసలు విషయం ఉంది. దేశ రాజధాని ప్రాంతానికి గానీ పది లక్షల జనాభా దాటిన నగరానికి గానీ పది కిలోమీటర్ల లోపున్న కేంద్రాలు ‘ఎ’ వర్గం. అవి 2027 చివరికల్లా యంత్రాలు పెట్టుకోవాలి. తీవ్ర కాలుష్య ప్రాంతాలకు, గాలి ప్రమాణాలను అందుకోలేని నగరాలకు పది కిలోమీటర్ల లోపున్నవి ‘బి’ వర్గం. వాటి సంగతి ఒక్కొక్కటిగా పరిశీలిస్తారు. మిగిలినవన్నీ ‘సి’ వర్గం. పొగగొట్టం నిర్ణీత ఎత్తులో ఉంటే చాలు, సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి వాటికి వర్తించదు. గాలి ప్రమాణాలను అందుకోలేని నగరాల జాబితాలో మన రాష్ట్రానివి 13 ఉన్నాయి, వాటిలో నెల్లూరూ ఒంగోలూ రెండూ ఉన్నాయి. అయితే మన బొగ్గు కేంద్రాలు నెల్లూరు నగరంలో లేవు, ముత్తుకూరు తీరంలో ఉన్నాయి. నేలటూరు దగ్గర ఉన్న శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం సామర్థ్యం ఒక్కటే 2,400 మెగావాట్లు. చుట్టుపక్కల ప్రైవేటు కేంద్రాలను కూడా కలిపితే అది 5,000 మెగావాట్లు దాటుతుంది. ఇంత సామర్థ్యం ఒకే చోట చేరిన తీరం దక్షిణాదిలో అరుదు. కానీ నెల్లూరు నుంచి అక్కడికి ఇరవై కిలోమీటర్ల పైమాటే కాబట్టి ఆ తీరమంతా గీతకు అవతల పడింది.

ఆ గీత ఎవరి చుట్టూ గీశారో చూడాలి. జనం ఎక్కువగా ఉన్నచోట ముందు జాగ్రత్త పడాలన్న వాదన పైకి సబబుగానే కనిపిస్తుంది. దాన్ని తిప్పి చదివితే మాత్రం, జనం పలుచగా ఉన్నచోట ఒక్కొక్క మనిషి ఊపిరికి విలువ తగ్గుతుందని ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పినట్టవుతుంది. ముత్తుకూరు తీరంలోని పైనంపురంలో పుట్టిన బిడ్డకూ ఢిల్లీలో పుట్టిన బిడ్డకూ రాజ్యాంగం 21వ అధికరణం ఒక్కటే. కాలుష్యం లేని గాలిని అనుభవించే హక్కు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఆ హక్కుకు పది కిలోమీటర్ల హద్దు ఉందని ఏ తీర్పూ చెప్పలేదు.

పైగా పొగ ఆ గీతను గౌరవించదు. ఇక్కడ కొంచెం నిదానంగా ఆలోచించాలి, ఎందుకంటే మినహాయింపును సమర్థించే వాదనంతా ఈ ఒక్క చోటే నిలబడి ఉంది. దేశంలో చాలాచోట్ల గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్ పరిమితికి లోబడే ఉంది కదా, ఇక యంత్రాలెందుకు అని అడుగుతున్నారు. గాలిలో అది తక్కువగా కనిపించేది గొట్టం నుంచి తక్కువగా వచ్చినందువల్లేనని అనుకోవడం తప్పు. సల్ఫర్ డయాక్సైడ్ వాయువుగా ఎంతో కాలం మిగలదు. గంటల నుంచి కొద్ది రోజుల లోపల అది తేమతో, ఎండతో, గాలిలోని ఇతర పదార్థాలతో కలిసి సల్ఫేట్ అనే అతి సూక్ష్మమైన కణాలుగా మారిపోతుంది. ఆ కణాలు గాలిలోని సూక్ష్మ ధూళిని కొలిచే పీఎం 2.5 లెక్కలోకి చేరతాయి, తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతుకు మించవు, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్లి అక్కడి నుంచి రక్తంలోకి దిగుతాయి. ఉబ్బసం మొదలుకొని గుండెపోటు, పక్షవాతం, తక్కువ బరువుతో పుట్టే బిడ్డల దాకా వైద్యశాస్త్రం వీటి మీద మోపిన నేరాల జాబితా పొడుగైనది. వాయువును కొలిచి తక్కువగా ఉందని సంతృప్తి పడటం, దొంగ వేషం మార్చుకుని వెళ్లాక పాత వేషం కోసం వెతకడం లాంటిది. ఎత్తయిన పొగగొట్టం చేసే పనీ ఇదే. 275 మీటర్ల ఎత్తున వదిలిన పొగ కింద ఉన్న ఊరిని దాటి వెళుతుంది, దాటి వెళ్లే దారిలోనే కణంగా మారి ఇంకో ఊరి మీద దిగుతుంది. వేసవిలో మధ్యాహ్నం దాటాక సముద్రం మీది నుంచి చల్లగాలి తిరుగుతుంది. నెల్లూరు వాసులు దాని కోసమే మిద్దెల మీదికి చేరతారు. ఆ గాలి తూర్పు తీరం నుంచి పడమటికి, అంటే ముత్తుకూరు వైపు నుంచి నగరం వైపే వీస్తుంది. పది కిలోమీటర్లు దాటాక ఆగిపొమ్మని దానికి ఎవరూ చెప్పలేరు.

అవతలి పక్షం వాదనలోనూ కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. మన దేశపు బొగ్గులో గంధకం తక్కువ, ఆ యంత్రాలకు ఖర్చు ఎక్కువ, వాటికి కావలసిన సున్నపురాయి తవ్వకం వల్ల, రవాణా వల్ల వేరే కాలుష్యం పుడుతుంది, చివరికి ఆ భారమంతా వినియోగదారుడి బిల్లులో చేరుతుంది. ఇవేవీ కల్పితాలు కావు. అయితే బొగ్గులో గంధకం తక్కువైనంత మాత్రాన మొత్తం తక్కువైపోదు, తగులబెట్టే బొగ్గు టన్నులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. తీరంలోని కేంద్రాలు ఓడల్లో దిగే విదేశీ బొగ్గును కూడా కలుపుకుంటాయి. బిల్లులో చేరని ఖర్చు ఎక్కడికీ పోదు, అది ప్రైవేటు ఆసుపత్రి కౌంటరులో నెబ్యులైజర్ కింద, ఇన్‌హేలర్ కింద, పోయిన కూలి కింద జమ అవుతుంది. అందులో ఒక్క రూపాయి కూడా యూనిట్ ధరలో కనిపించదు కాబట్టి కరెంటు చవగ్గా వస్తున్నట్టు తోస్తుంది.

గాలి కాలుష్యం వల్లనే ఇంతమంది చనిపోయారని నిర్ధారించే తిరుగులేని సమాచారం లేదని పార్లమెంటులో కేంద్ర ప్రభుత్వం ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. ఈ మాట విన్నప్పుడల్లా నాకు 1937 గుర్తుకొస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్‌ను వైద్య పరిశోధనగా తొలిసారి నమోదు చేసింది ఆ సంవత్సరమే, నమోదు చేసింది నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ బావినీటిలోని ఫ్లోరైడ్ మనిషి పళ్లను, ఎముకలను, వెన్నును ఏం చేస్తుందో రాసిపెట్టారు. కనిగిరి, పొదిలి అప్పటికి నెల్లూరు జిల్లాలోనివే, 1970లో ఇప్పటి ప్రకాశం జిల్లా కొత్తగా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి. జిల్లా మారింది, రాజ్యం మారింది, రాష్ట్రమూ మారింది. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ నీటి సమస్య మాత్రం నేటికీ ఎన్నికల హామీగానే ఉంది. కారణం తెలియక ఆలస్యమైందని అనడానికి ఇక్కడ వీల్లేదు. కారణం తెలిసి దాదాపు తొంభై ఏళ్లయింది. ఆ నీళ్లు తాగేవాళ్లు మెట్టప్రాంతపు రైతులూ కూలీలూ కావడం వల్ల ఆ తెలివిడి నిధులుగా, గొట్టాలుగా, గడువుగా మారలేదు. ఇప్పుడు గాలి విషయంలో ఆధారం కావాలంటున్న ప్రభుత్వం, నీటి విషయంలో ఆధారం చేతిలో పెట్టుకుని ఏం చేసిందో ఈ రెండు జిల్లాలకూ బాగా తెలుసు.

ఆధారం లేకపోవడానికి ఇంకో కారణమూ ఉంది. మనం దాన్ని సేకరించడం లేదు. చీమకుర్తి దగ్గర ఒక పల్లెలో నేను వెళ్లిన ఇంట్లో గోడ మేకుకు ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతోంది. అందులో మూడు ఎక్స్‌రేలు, రెండు క్షయ చికిత్స కార్డులు ఉన్నాయి. ఆ ఇంటాయన పదిహేనేళ్లు గ్రానైట్ పాలిషింగ్ పనిలో ఉన్నాడు. మంచం పట్టెకు ఆనుకుని కూర్చుని, మాట్లాడే ప్రతి మూడు నాలుగు మాటలకూ ఆగి గాలి పీల్చుకుంటున్నాడు. “కోర్సు రెండుసార్లు పూర్తిగా వాడాడు సార్, కఫంలో ఏమీ లేదన్నారు, ఆయాసం మాత్రం తగ్గలేదు” అంది ఆయన భార్య. రాతిపొడిలోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి గట్టిపడే జబ్బు సిలికోసిస్. దానికి మందు లేదు, ఒకసారి వచ్చాక వెనక్కి పోదు. ఎక్స్‌రేలో అది క్షయలా కనిపిస్తుంది, అందుకే చాలామందికి క్షయ మందులే ఇస్తారు. చట్టం ప్రకారం సిలికోసిస్ సోకినట్టు గుర్తిస్తే వైద్యుడు ఆ సంగతిని అధికారులకు విధిగా తెలపాలి. ఆయన కార్డుల మీద ఏం పని చేస్తాడో రాసే గడి ఖాళీగా ఉంది. ఇక్కడ తవ్వే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ రాయి ఏ దేశానికి ఎంత వెళ్లిందో లెక్క దొరుకుతుంది, దాన్ని నునుపు చేసిన మనిషి ఊపిరి లెక్క ఆ ఖాళీ గడి దగ్గరే ఆగిపోయింది. రాజస్థాన్ 2019లో ఈ జబ్బు కోసం ప్రత్యేక విధానం తెచ్చి, గుర్తింపు పొందిన కార్మికుడికి మూడు లక్షల రూపాయలు, మరణిస్తే కుటుంబానికి మరో రెండు లక్షలు ఇస్తామంది. అక్కడ లెక్క మొదలయ్యాకే రోగుల సంఖ్య పైకి తేలింది.

నగరాల పరిస్థితి బాగుందని ఈ మాటలకు అర్థం కాదు. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద నెల్లూరుకూ ఒంగోలుకూ నిధులు వస్తాయి. ఆ నిధుల తీరు మీద సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో చేసిన సమీక్ష ప్రకారం దేశవ్యాప్తంగా 64 శాతం డబ్బు రోడ్ల దుమ్ము అణచడానికే ఖర్చయింది, పరిశ్రమల కాలుష్యానికి ఒక్క శాతం కూడా దక్కలేదు. కారణం సులువుగానే తెలుస్తుంది. ప్రగతిని పీఎం 10 అనే పెద్ద కణాలతో కొలుస్తున్నారు, వాటిని నీళ్లు చల్లి, యంత్రంతో ఊడ్చి తగ్గించవచ్చు. పొగలోంచి పుట్టే సూక్ష్మకణం చీపురుకు చిక్కదు. రోడ్డు ఊడ్చే యంత్రం నలుగురికీ కనిపిస్తుంది, దానికి రిబ్బను కట్టి ప్రారంభోత్సవం చేయవచ్చు. పరిశ్రమకు నోటీసు ఇవ్వడంలో ఆ సౌకర్యం లేదు, పైగా రాజకీయంగా చాలా ఖరీదు.

నా అసలు ఫిర్యాదు ఇంకా లోతున ఉంది. గాలిని మనం ఆరోగ్య విషయంగా ఎన్నడూ పాలించలేదు. 1981 నాటి వాయు చట్టం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిలో ఎవరెవరు ఉండాలో చెబుతుంది. స్థానిక సంస్థల వారికి, వ్యవసాయ, మత్స్య, పరిశ్రమ, వాణిజ్య రంగాల వారికి, ప్రభుత్వ కంపెనీల వారికి అందులో చోటు కల్పించింది. వైద్యుడు ఒకరు తప్పనిసరిగా ఉండాలని మాత్రం ఎక్కడా చెప్పలేదు. కొలిచే పని మండలిది, జబ్బు చూసే పని ఆరోగ్య శాఖది, ఈ రెంటి కాగితాలూ ఒకే బల్ల మీదికి వచ్చే సందర్భమే లేదు. మండలి దగ్గర గొట్టం లెక్క ఉంటుంది, అదీ చాలావరకు పరిశ్రమ తనంతట తాను ఆన్‌లైన్‌లో పంపేదే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దగ్గర దగ్గుతో, పిల్లికూతలతో, ఆయాసంతో వచ్చినవారి రిజిస్టరు ఉంటుంది. ఏ గాలి వీచిన వారంలో ఏ ఊరి నుంచి ఎంతమంది వచ్చారో పోల్చి చూసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. చూడని దాన్ని చూడలేదని ఒప్పుకోకుండా, ఆధారం లేదని సభలో చెప్పడం ప్రజలకు చేసే అన్యాయం. దేశంలోని కాలుష్య నియంత్రణ మండళ్లలో దాదాపు సగం పోస్టులు ఖాళీగా ఉన్నాయని 2024లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు వచ్చిన లెక్కలు చెప్పాయి. చూసేవారే లేనప్పుడు ఆధారం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇదంతా ఇప్పుడే తేలాలనడానికి కారణం ఉంది. రామాయపట్నంలో రేవు కడుతున్నారు, ఆ పక్కనే రిఫైనరీ పెట్టడానికి బీపీసీఎల్ ముందుకొచ్చింది. ఉద్యోగాలు రావాలి, పరిశ్రమ రావాలి, ఆ మాటలో నాకు రెండో ఆలోచన లేదు. అయితే పర్యావరణ అనుమతుల ప్రక్రియలో ప్రతి ప్రాజెక్టునూ విడిగా చూస్తారు, సాధారణంగా ఒక్క కాలంలో కొలిచిన గాలిని పునాదిగా తీసుకుంటారు, చుట్టూ పది కిలోమీటర్ల మేరే అధ్యయనం చేస్తారు. ముత్తుకూరు తీరంలోని కృష్ణపట్నం చుట్టూ ఒక్కో గొట్టం లేచిన తీరు ఇదే. ఒక్కొక్కటీ పరిమితికి లోబడి ఉన్నట్టే కాగితం మీద ఉంటుంది, అన్నీ కలిసి ఊరి మీద వేసే బరువు ఏ కాగితం మీదా ఉండదు.

కాబట్టి గుడ్లూరు, ఉలవపాడు మండలాల్లో రిఫైనరీ గొట్టం లేవకముందే ఆరోగ్య శాఖ ఇంటింటి సర్వే చేయాలి. ఎంతమందికి ఉబ్బసం ఉందో, ఎంతమంది బిడ్డలు రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టారో, ఎవరు ఏ పని చేస్తున్నారో నమోదు చేయాలి. బడి పిల్లల చేత ఊపిరి బలం కొలిచే చిన్న గొట్టంలోకి ఊదించి ఆ అంకెను హాజరు పట్టీ పక్కనే రాయాలి. ముత్తుకూరు తీరంలోనూ చీమకుర్తి చుట్టూ కూడా ఇదే లెక్క ఈ ఏడాదే మొదలుపెట్టాలి, పీఎం 2.5 కొలిచే యంత్రాలను నగరం నడిబొడ్డున కాకుండా ఆ పల్లెల బడి భవనాల మీద అమర్చాలి. ఆ రిజిస్టర్లను ప్రతి మూడు నెలలకూ జిల్లా వైద్యాధికారి, కాలుష్య మండలి ప్రాంతీయ అధికారి కలెక్టరు ముందు పక్కపక్కన పెట్టి చదవాలి. ఇందులో దేనికీ ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. క్షయ కార్డు మీద ఖాళీగా ఉన్న గడిలో రోగి చేసే పని రాయమని చెప్పడానికైతే ఒక సర్క్యులర్ సరిపోతుంది.