ఓటు లేని సైనికుడు చట్టసభకు చేరిన దారి

1957 జూన్ 10న జరిగిన కెనడా ఎన్నికల్లో వాంకూవర్ సెంటర్ స్థానంలో సాక్షాత్తూ రక్షణ మంత్రి రాల్ఫ్ క్యాంప్నీ ఓడిపోయారు. ఆయనను ఓడించిన ముప్పై మూడేళ్ల న్యాయవాది డగ్లస్ జంగ్‌కు, అదే దేశం తరఫున యుద్ధానికి సిద్ధమైన నాటికి ఓటు హక్కే లేదు. ఆ దేశ పార్లమెంటుకు ఎన్నికైన తొలి చైనా సంతతి సభ్యుడు ఆయనే.

జంగ్ 1924లో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని విక్టోరియాలో పుట్టారు. చైనా నుంచి వలసలను దాదాపు పూర్తిగా మూసివేసిన చట్టం అంతకు ముందు ఏడాదే వచ్చింది. అప్పటిదాకా దేశంలోకి వచ్చే చైనీయుల నుంచి మనిషికింతని తలపన్ను వసూలు చేసేవారు. 1885లో, రైలుమార్గం పూర్తయి వాళ్ల కూలీతో అవసరం తీరిన ఏడాదిలో, 50 డాలర్లతో మొదలైన ఆ పన్ను 1903 నాటికి 500కు చేరింది. రాష్ట్ర ఎన్నికల చట్టం చైనీయులనే కాదు, జపనీయులను, ఆదివాసులను, 'హిందువులు' అన్న పేరు కింద సిక్కులతో సహా భారతీయులందరినీ ఓటుకు దూరం చేసింది. ఓటర్ల జాబితాలో లేనివారికి న్యాయవాద వృత్తిలోనూ ప్రవేశం లేదు. కాబట్టి జంగ్ కథ మన వలస చరిత్రకు కూడా దగ్గరిదే.

రెండో ప్రపంచ యుద్ధంలో చైనీయులను సైన్యంలో చేర్చుకుంటే రేపు ఓటు అడుగుతారన్న భయం ఆ రాష్ట్ర నాయకుల్లో ఉండేది. 1944లో, జపాన్ ఆక్రమించిన ప్రాంతాల్లో రహస్యంగా పనిచేయడానికి చైనా భాష తెలిసినవారు బ్రిటిష్ వారికి కావలసి వచ్చాకే పరిస్థితి మారింది. 'ఫోర్స్ 136' అనే బ్రిటిష్ రహస్య దళం కోసం బ్రిటిష్ కొలంబియాలోని ఒకనాగన్ సరస్సు ఒడ్డున పేలుడు పదార్థాలు, వైర్‌లెస్, విధ్వంసక చర్యల్లో శిక్షణ పొందిన పదమూడు మందిలో జంగ్ ఒకరు. మనల్ని మనుషులుగా చూడని దేశం కోసం ఎందుకు చావాలని చైనాటౌన్‌లలో వాదనలు జరిగాయి. వెళ్లి వస్తే హక్కు అడిగే నోరుంటుందన్నది వెళ్లినవారి సమాధానం. చైనాలో దిగాలన్న అసలు పథకం రద్దయింది, కొందరిని బోర్నియోలో దించారు. 1947లో వలస నిషేధ చట్టం రద్దయింది, చైనీయులకూ భారతీయులకూ ఓటు వచ్చింది.

దీన్ని విధేయతకు దక్కిన బహుమానంగా చెప్పడం పరిపాటి. నాకు ఆ వాదన అన్యాయంగా తోస్తుంది. పక్కింటి తెల్ల కుర్రాడికి పుట్టుకతో వచ్చినదాన్ని జంగ్ ప్రాణం పణంగా పెట్టి అడగాల్సి రావడమే అసలు నేరం. ఆయన గొప్పదనాన్ని నేను యుద్ధంలో కన్నా, ఆ తరువాత బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి చేసిన పనిలో చూస్తాను.

1958లో తన పార్టీ నాయకుడు, ప్రధాని డీఫెన్‌బేకర్ ప్రభంజనంలో మళ్లీ గెలిచిన జంగ్ 1962లో ఓడిపోయారు, తిరిగి పార్లమెంటుకు రాలేదు. 2002లో మరణించారు. పార్లమెంటులో ఉన్న ఆ అయిదేళ్లలోనే ముఖ్యమైన పని జరిగింది. నిషేధ కాలం మిగిల్చిన చిక్కుల్లో, ఇతరుల కొడుకులమని చెప్పే పత్రాలు కొనుక్కుని వచ్చిన 'కాగితపు కొడుకులు' వేలల్లో ఉండేవారు. 1960లో పోలీసులు చైనాటౌన్‌లలో సోదాలు జరిపారు. అధికార పక్ష సభ్యుడిగా జంగ్ క్షమాభిక్ష కోసం కృషి చేశారు. నిజం చెప్పినవారిని దేశం నుంచి పంపేయకుండా స్థిరపడనిచ్చే కార్యక్రమం అదే ఏడాది మొదలైంది. ఏళ్ల తరబడి ఎవరి పేరుతోనో బతికిన మనుషులు అధికారి ముందు కూర్చుని, తండ్రి పెట్టిన పేరును రాయించుకోగలిగారు.