నీలి టిక్ ఉంటే నికార్సైన రిక్రూటరేనా?

నెల్లూరు, ఒంగోలు జాబ్స్ గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "ఉద్యోగం ఇస్తానన్నవాడు అసలో నకిలీయో ఐదు నిమిషాల్లో ఫోన్‌లోనే తేలిపోతుంది. వెరిఫైడ్ టిక్, ఆధార్ కార్డు, జీఎస్టీ నంబరు, కంపెనీ మెయిల్, వీడియో కాల్ ఉంటే కళ్లు మూసుకుని నమ్మొచ్చు. గల్ఫ్ అయితే లైసెన్సు నంబరు కూడా అడగండి. డబ్బు అడగనంతవరకు మనకు పోయేదేమీ లేదు."

రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఇక్కడ తేల్చుకోవాల్సినవి మూడు. ఈ మనిషి ఎవరు? ఇతను ఆ కంపెనీ మనిషేనా? ఆ కంపెనీ నిజంగా ఈ ఉద్యోగానికి మనిషిని తీసుకుంటోందా? మెసేజ్‌లోని పరీక్షలు ఒక్కోటి ఒక్కో ముక్క చెబుతాయి, అదీ అరకొరగా. మూడో ప్రశ్న జోలికి ఒక్కటీ పోదు. మోసమంతా జరిగేది అక్కడే.

"లింక్డిన్‌లో వెరిఫైడ్ టిక్ ఉంటే అసలే." ఆ టిక్ మీద ఒకసారి నొక్కి చూడండి. మన దేశంలో లింక్డిన్ గుర్తింపు ధృవీకరణ డిజిలాకర్ (ప్రభుత్వ పత్రాలు దాచుకునే యాప్) ద్వారా, ఆధార్‌తో జరుగుతుంది. అకౌంటు పేరు, ఆధార్ పేరు కలిస్తే టిక్ వస్తుంది. ఆ పేరు కింద "ఫలానా పోర్టులో హెచ్ఆర్ మేనేజర్" అని రాసుకున్నదానికీ ఆధార్‌కీ ఏ సంబంధమూ లేదు. ఉద్యోగస్థలం ధృవీకరణ వేరే ఉంది. కంపెనీ మెయిల్‌కు వచ్చిన కోడ్ కొట్టి చేయించుకోవడం అందులో ఒక పద్ధతి. రెండిట్లో ఏది ఉందో టిక్ నొక్కితే కనిపిస్తుంది. రెండోది ఉన్నా, ఆ తర్వాత ఆ ఉద్యోగం మానేసి ఉండొచ్చు. అకౌంటు హ్యాక్ అయితే టిక్ కూడా దొంగ చేతికే పోతుంది. ఆ ప్రొఫైల్ ఎప్పుడు తెరిచారో అక్కడే ఉంటుంది. పదిహేనేళ్ల అనుభవమని రాసుకుని పోయిన నెల తెరిచిన ప్రొఫైల్ అయితే ఇంకేం చూడనక్కర్లేదు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ టిక్కులు నెలనెలా డబ్బు కట్టి కూడా తెచ్చుకోవచ్చు. వాట్సాప్‌లో "బిజినెస్ అకౌంట్" అన్న మాట ఆ యాప్ వేసుకున్న ప్రతివాడికీ వస్తుంది. ట్రూకాలర్‌లో పేరు చాలావరకు జనం సేవ్ చేసుకున్నదాన్ని బట్టి వచ్చేది.

"ఆధార్, కంపెనీ ఐడీ కార్డు పంపమనండి. పంపితే నమ్మండి." అన్నిట్లోకీ చేటు చేసే సలహా ఇది. ఐడీ కార్డు ఏ జిరాక్స్ షాపులోనైనా పావుగంటలో తయారవుతుంది. ఆధార్ సంగతి వేరు. దాని మీది క్యూఆర్ కోడ్‌కు ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ డిజిటల్ సంతకం ఉంటుంది, అధికారిక యాప్‌తో స్కాన్ చేస్తే ఫొటోషాప్ చేసిన కార్డు దొరికిపోతుంది. సరే, కార్డు అసలుదేనని తేలింది. పంపినవాడిదేనని ఎలా తేలుతుంది? అంతకుముందు ఇదే ఉద్యోగానికి అప్లై చేసిన ఇంకో కుర్రాడి కార్డు కావచ్చు. ఈ దందా తిరిగేదే అలా. మీ దగ్గర ఆధార్, పాన్, కార్డు పట్టుకుని దిగిన సెల్ఫీ తీసుకుంటారు. "డాక్యుమెంట్ వెరిఫికేషన్" పేరుతో డిజిలాకర్ ఓటీపీ అడుగుతారు. ఓటీపీ చెప్పారంటే తర్వాతి నకిలీ రిక్రూటర్‌కు టిక్ మీ పేరు మీదే రావచ్చు. ఆధార్ ఇవ్వక తప్పకపోతే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. కాపీ మీద అడ్డంగా కంపెనీ పేరు, తేదీ, ఎందుకిచ్చారో రాసి ఇవ్వండి.

"జీఎస్టీ నంబరు కొట్టి చూస్తే కంపెనీ బండారం బయటపడుతుంది." కొంత నిజం. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు రాష్ట్రం కోడ్: మన ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36, తమిళనాడుకు 33, కర్ణాటకకు 29. తర్వాతి పది పాన్. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే వెతికితే అసలు పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, యాక్టివ్‌గా ఉందో లేదో వస్తాయి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే 21 అక్షరాల సీఐఎన్, అంటే కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అందులో రాష్ట్రం అక్షరాల వెంటనే నాలుగంకెల్లో కంపెనీ పెట్టిన సంవత్సరం కనిపిస్తుంది. ఆఫర్ లెటర్‌లో "1998 నుంచి సేవలో" అని ఉండి సీఐఎన్‌లో 2024 ఉంటే గట్టిగా అనుమానించాల్సిందే.

కాస్త తెలివైన మోసగాడు సొంత నంబరు వేయడు. పెద్ద కంపెనీ బిల్లు మీదున్న నంబరే ఎత్తి లెటర్‌హెడ్ మీద వేస్తాడు. మీరు పోర్టల్‌లో కొడితే అన్నీ సరిగ్గా వస్తాయి, మీకు ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం కోసమే ఆ నంబరు వేశాడు. నంబరు కలిసినప్పుడు చేయాల్సింది ఒకటుంది. కంపెనీ సొంత వెబ్‌సైట్ మీరే వెతికి, అందులో ఉన్న ల్యాండ్‌లైన్‌కు చేసి, ఫలానా పోస్టుకు ఫలానా మనిషి ద్వారా తీసుకుంటున్నారా అని అడగాలి. లెటర్ మీది ఫోన్ నంబరుకు చేస్తే ఎత్తేది ఆ ముఠావాడే. కృష్ణపట్నం పోర్టులో, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ఉద్యోగమంటే ఇంత తతంగం కూడా అక్కర్లేదు, బస్సెక్కి వెళ్లి గేటు దగ్గర అడిగి రావొచ్చు. పోర్టు పనుల్లో చాలావరకు కాంట్రాక్టర్ల కింద ఉంటాయి కాబట్టి, ఏ కాంట్రాక్టరో పేరు చెప్పలేనివాడు అక్కడే ఆగిపోతాడు.

"కంపెనీ మెయిల్ నుంచి వస్తే నమ్మొచ్చు." మెయిల్‌లో పైన కనిపించే పేరు ఎవడైనా పెట్టుకోవచ్చు. చూడాల్సింది అడ్రసులో @ తర్వాతి భాగం, అదీ కుడి నుంచి ఎడమకు. చివరి చుక్కకు అటూ ఇటూ ఉన్న ముక్కలే సాధారణంగా అసలు డొమైన్, అంటే కంపెనీ కొనుక్కున్న వెబ్ పేరు. కంపెనీ పేరు, డాట్ కామ్, హైఫన్, హెచ్ఆర్, డాట్ ఇన్ అని ఉంటే అది ఆ కంపెనీది కాదు. ఇంగ్లీషు ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఫోన్ తెర మీద ఎమ్ లాగే ఉంటుంది. దీన్ని చాలామంది దాటేస్తారు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మూడు చుక్కల మెనూలో "షో ఒరిజినల్" నొక్కితే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరుసలు వస్తాయి, మెయిల్ ఎక్కణ్నుంచి వచ్చిందో చూసే పరీక్షలు అవి. మూడింటికీ "పాస్" అని ఉన్నా పొంగిపోవద్దు. మెయిల్ ఆ డొమైన్ నుంచే వచ్చిందని మాత్రమే దానర్థం. నకిలీ డొమైన్ కొన్నవాడి మెయిల్‌కు కూడా పాస్ అనే వస్తుంది. హూయిజ్ సైట్లలో డొమైన్ కొన్న తేదీ చూడండి. ఇరవయ్యేళ్ల కంపెనీకి మూడు వారాల డొమైన్ ఉండదు.

"దొంగ వీడియో కాల్‌లో ముఖం చూపించడు." ఎందుకు చూపించడు? రోజు కూలికి ఇంగ్లీషు బాగా మాట్లాడే ఒకణ్ని కూర్చోబెడితే ఇంటర్వ్యూ అయిపోతుంది. ముఖం మార్చే సాఫ్ట్‌వేర్ ఉంటే దాన్ని వర్చువల్ కెమెరాగా కాల్‌లోకి ఎక్కిస్తారు. ముఖం మీద చెయ్యి అడ్డం తిప్పమనడం, పక్కకు తిరగమనడం లాంటి చిట్కాలు పాత సాఫ్ట్‌వేర్‌ను పట్టిస్తాయేమో గానీ కూలికి కూర్చున్నవాణ్ని పట్టించవు.

ఇక గల్ఫ్. ఉదయగిరి వైపు నుంచి కువైట్ పోవాలనుకునే డ్రైవర్‌కు ఈ మెసేజ్ చెప్పింది సగమే. విదేశాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు 1983 వలస చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ జాబితా కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉంటుంది. నంబరు ఉంటే సరిపోదు, అది యాక్టివ్‌గా ఉందా, గడువు తీరిందా, సస్పెండ్ అయిందా చూడాలి. తర్వాత పోర్టల్‌లో ఉన్న అడ్రసు, మీరు కూర్చున్న ఆఫీసు ఒకటేనా చూడాలి. ఊళ్లలో ఎక్కువగా తగిలేది సబ్ ఏజెంటు. ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న అసలు లైసెన్సు జిరాక్స్ చేతిలో పెట్టుకుని తిరుగుతాడు. లైసెన్సు నిజమే, అతనికి మాత్రం చెల్లదు. సర్వీసు చార్జీకి 30,000 రూపాయల పరిమితి ఉంది, 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. రెండు లక్షలు, మూడు లక్షలు చెప్పి రసీదు మాత్రం ఇవ్వనంటే లైసెన్సు ఎవరిదన్నది ఇక అడగనక్కర్లేదు. వీసా కాగితం కూడా చదివించుకోండి. కంపెనీలో పనికిచ్చే షూన్ వీసా అని చెప్పి ఇంటిపనికిచ్చే ఖాదిం వీసా మీద పంపిస్తే, దిగాక కంపెనీలో పని చేయడం కుదరదు. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చనేవాడి దగ్గర కూర్చోకండి. కంబోడియా, మయన్మార్‌లలో డేటా ఎంట్రీ పేరుతో తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ఉదంతాల్లో మన రాష్ట్రం వాళ్లూ ఉన్నారు.

"డబ్బు అడగనంతవరకు భయం లేదు." జీతం కోసమని కొత్త బ్యాంకు ఖాతా తెరిపించి, పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ తీసుకున్నవాడు కూడా డబ్బు అడగడు. ఆ ఖాతాలోకి ఇంకెవరో పోగొట్టుకున్న డబ్బు వస్తుంది, పోలీసులు ముందు మీ ఇంటికే వస్తారు. పనికి కుదిరేటప్పుడు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ ఇస్తే చాలు. ఏటీఎం కార్డు అడిగే యజమాని ఉండడు.

డబ్బు అడిగినా యూపీఐలో పంపేముందు తెర మీద పేరు చదవండి. 2025 జూన్ 30 నుంచి బ్యాంకు రికార్డులో ఉన్న పేరునే యాప్‌లు చూపించాలన్నది యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ నిబంధన. కంపెనీ డిపాజిట్ అని చెప్పి వ్యక్తి పేరు వస్తే ఆపేయండి. ఇప్పటికే పంపేసి ఉంటే, ముందు 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు కాగితం మీద రాసుకుని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఫిర్యాదు ఎక్కితే బ్యాంకులో నిలిపే వీలుంటుంది. చాట్ డిలీట్ చేయకండి, ఆ నంబరును బ్లాక్ చేసేముందు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.