తెల్ల పొడిని తూకం వేసి వదిలేస్తే ఎలా?

తిరుపతిలో మా వీధి చివర ఒక పాత ఇంటికి రంగులు వేస్తున్నారు. ఉప్పు కాగితంతో గోడ రుద్దుతున్న కుర్రాడి కనురెప్పలు తెల్లబడిపోయాయి. ముక్కుకు అడ్డం ఒక తువ్వాలు, అంతే. ఆ దుమ్ములో పుట్టీతో పాటు పెయింటుకు తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ కూడా ఉంటుంది. చాలా టూత్‌పేస్టుల్లో, మాత్రల పైపూతల్లో, కొన్ని చూయింగ్ గమ్ముల్లో ఉండేదీ అదే. తినేవాటి ప్యాకెట్ మీద ఐఎన్ఎస్ 171 అని రాస్తారు.

యూరప్ 2022లో దీన్ని ఆహారంలో వాడకుండా నిషేధించింది. మన దగ్గర కొన్ని తినుబండారాల్లో ఇంకా అనుమతి ఉంది. ఇదంతా తెలిసిందే. నా గొడవంతా పరీక్షల తీరు మీద.

మన పరీక్షలన్నీ బరువు లెక్కే. ఒంటి బరువు కిలోకు ఇన్ని మిల్లీగ్రాములు అంటాం. కరిగే మందుకు ఆ లెక్క చాలు, కరగని పొడికి చాలదు. గ్రాము పొడిని రేణువు పదో వంతు సైజుకు వచ్చేదాకా నూరండి. తూకం మారదు. రేణువులు మాత్రం వెయ్యింతలవుతాయి, వాటి ఉపరితలం పదింతలవుతుంది. ఊపిరితిత్తుల్లో జీవకణాలకు తగిలేది ఆ ఉపరితలమే. అందుకే అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 2011లో ఈ ఒక్క పదార్థానికే రెండు పరిమితులు సూచించింది. ఘనపు మీటరు గాలిలో మామూలు పొడి 2.4 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, అతిసూక్ష్మ పొడి అయితే 0.3 దాటకూడదు. పేరు ఒకటే, తేడా ఎనిమిది రెట్లు!

భయం లేదనేవాళ్లు 1979 నాటి అమెరికా పరీక్షను చూపిస్తారు. ఎలుకలకు మేతలో 5 శాతం దాకా కలిపి 103 వారాలు పెట్టినా క్యాన్సర్ రాలేదు. నిజమే. కానీ నానో రేణువుల, అంటే అతిసూక్ష్మ రేణువుల ప్రశ్న ఆ పరీక్ష వేయలేదు. ఆ ప్రశ్న వేసిన యూరప్ ఆహార భద్రతా సంస్థ, డీఎన్ఏకు హాని ఉండదని చెప్పలేమని 2021లో తేల్చింది.

పేగులు దీన్ని పీల్చుకునేది చాలా తక్కువని అంతర్జాతీయ నిపుణుల సంఘం జెక్ఫా 2023లో చెప్పింది. పీల్చితే క్యాన్సర్ అనుమానం ఉందన్న ముద్రను యూరప్ కింది కోర్టు 2022లో కొట్టేసింది, అత్యున్నత న్యాయస్థానం 2025 ఆగస్టులో ఆ తీర్పును సమర్థించింది కూడా. ఎందుకు కొట్టేశారో చదవండి. ఆ ముద్రకు ఆధారమైన పరీక్షలో పొడి పీల్చిన ఎలుకల ఊపిరితిత్తులు ఎంత నిండాయో లెక్కగట్టేటప్పుడు రేణువుల ముద్దల సాంద్రతకు బదులు విడి రేణువు సాంద్రత తీసుకున్నారట. అంటే రేణువు విడిగా ఉందా, ముద్దకట్టిందా అన్నదాని మీదే కేసు తిరిగింది. నేను మొత్తుకుంటున్నదీ అదే కదా!

మరి మన బజారులో దొరికే పొడిని ఎవరు చూడాలి? ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా వర్సిటీ, స్విమ్స్ ఆస్పత్రి, వెటర్నరీ యూనివర్సిటీ, సైన్సు పరిశోధన సంస్థ ఐసర్... అన్నీ ఈ ఊళ్లోనో, ఊరి దగ్గర్లోనో ఉన్నాయి. అయినా 2024లో శ్రీవారి లడ్డూ నెయ్యి శాంపిళ్లు గుజరాత్‌లోని ఆనంద్ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు కడుపు మండింది, ఇప్పటికీ చల్లారలేదు. కొండకు వచ్చే లక్షల మంది తినేదీ పీల్చేదీ ఇక్కడే, ఇప్పటికిప్పుడు పరీక్షించే ల్యాబ్ తిరుపతికి కావాలి. రేణువు సైజు కొలవాలి, జీవకణాల మీద, ఆ తర్వాత జంతువుల మీద పరీక్షించాలి, ఫలితాన్ని తెలుగులో జనం ముందు పెట్టాలి. ఖర్చు ప్రభుత్వానిదే కావాలి, పొడి అమ్మేవాడిది కాకూడదు.

మొదటి శాంపిల్ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. సాయంత్రం ఆ కుర్రాడు తువ్వాలు దులిపేటప్పుడు కింద ఒక కాగితం పట్టుకుంటే చాలు.