విమాన దూరం లెక్కగట్టే యంత్రం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ యంత్రం గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. హైదరాబాద్, డాలస్ అని రెండు పేర్లు కొట్టగానే తమరు రెప్పపాటులో తీర్పు చెప్పేశారు: 14,400 కిలోమీటర్ల పైచిలుకు, గంటకు 900 చొప్పున 16 గంటలు. ఎగరడానికీ దిగడానికీ మరో అరగంట ధర్మం చేశారు. తమ దయ.

లెక్క తప్పని నేననను. గ్లోబు మీద దారం బిగించి లాగితే అంతే వస్తుంది. ఆ దారం సైబీరియా మీదుగా పోయి, ఉత్తర ధ్రువాన్ని ఐదారు వందల కిలోమీటర్ల దూరంలో దాటి, కెనడాలోకి దిగుతుంది. ఎటొచ్చీ, ఆ దారి వెంట శంషాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా వెళ్లే విమానమే లేదు. మాబోటివాళ్లం దోహాలోనో దుబాయ్‌లోనో దిగి మళ్లీ ఎక్కాలి. అలా పెరిగే దూరం వెయ్యి, పన్నెండు వందల కిలోమీటర్లే. మొత్తం ప్రయాణానికి పట్టే కాలం మాత్రం ఒక పూర్తి రోజు.

అసలు మా ప్రయాణం మొదలయ్యేది శంషాబాద్‌లో కాదు, విజయవాడలో. అక్కణ్ణించి శంషాబాద్‌కు కారులో ఐదారు గంటలు. సంక్రాంతి రోజులైతే పంతంగి టోల్‌గేటును అడగండి, అదే చెబుతుంది. తరవాత కాటా. పెట్టెకు 23 కిలోలు అనుమతి, అది చూపించేది 23.8. వరుసలో ఉన్నవాళ్లందరి ఎదుటా పెట్టె నేల మీద తెరిచి, చీరల మడతల్లోంచి మా ఆవిడ ఆవకాయ సీసా పైకి తీస్తుంది. చేతిసంచిలో పెడదామంటే వీల్లేదు, అందులో నూనె ఉంది. సీసా మళ్లీ చీరల్లోకి, జంతికల పొట్లం చేతిసంచిలోకి. ఇప్పుడు చేతిసంచి ఏడు కిలోలు దాటిందంటారు. ఈ ఘట్టానికి తమరు కేటాయించిన సమయం సున్నా.

మా బావగారు తమరికన్నా ఘనులు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి అదే తేదీ సాయంత్రం ఐదున్నరకు దిగుతామని టికెట్‌లో చూసి, "పదమూడున్నర గంటలేగా!" అన్నారు. వేసవిలో రెండు ఊళ్ల గడియారాలకూ పదిన్నర గంటల తేడా ఉందని చెప్పబోతే కాఫీ వైపు తిరిగిపోయారు.

గీత గీయడానికి తమరికి ఏ దేశం అనుమతీ అక్కర్లేదు. 2022 నుంచి రష్యా గగనతలం అమెరికా, ఐరోపా సంస్థలకు మూసుకుపోయింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ మన విమానాలకు తలుపు వేసింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లేవి చుట్టూ తిరిగి, కొన్నయితే ఇంధనం కోసం వియన్నాలో ఆగవలసి వచ్చింది. ఇంత జరిగినా తమరి తెర మీద ఒక్క అంకె కూడా చలించలేదు. ఆ స్థితప్రజ్ఞత మునులకు కూడా దుర్లభం.

ఇట్లు,
దోహాలో గేటు వెతుక్కుంటున్న తమ విధేయుడు

తా.క.: తిరుగు ప్రయాణానికీ అదే సమయం చూపించారు. తూర్పుకు వచ్చేటప్పుడు ఎత్తులో వీచే పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి గంటకు పైగా కలిసొస్తుంది. దాన్ని సామాను బెల్టు దగ్గర నిలబడి ఖర్చుపెట్టేస్తాం, తమరు లెక్క సవరించే శ్రమ పెట్టుకోవద్దు.