మంచు పడితే జారిపోవాలిగా!

మా కొత్తగూడెంలో రేపో మాపో మంచు కురిసేలా ఉంది. లేకపోతే మా సందులో లేస్తున్న ప్రతి కొత్త ఇంటి నెత్తినా, ముందువైపు, ఆ ఏటవాలు కప్పు ఎందుకు మొలుస్తుంది? దాని మీద ఎర్ర పెంకులు సిమెంటుతో అతికిస్తారు. దాని కింద ఏముంటుందనుకున్నారు? ఏమీ ఉండదు. అసలు కప్పు వెనకాల ఉంటుంది. ఐదంగుళాల స్లాబు. మే నెలలో పగలంతా తాగిన ఎండను అర్ధరాత్రి దాకా మన మంచం మీద కక్కేది అదే. ముందున్నది ఎలివేషన్ అండీ, ఎలివేషన్.

మొన్న పక్క ప్లాటు వాళ్ళు స్లాబు వేయకముందే ఈ ఏటవాలు కప్పు గురించి చర్చ పెట్టి, పెద్దమనిషినని నన్నూ పిలిచారు. మిషిగన్ నుంచి బామ్మర్ది వీడియో కాల్‌లో అధ్యక్షత వహించాడు.

"బావా, వాలు గట్టిగా పెట్టు. మంచు నిలవదు."

మంచు ఎక్కడిదిరా అని బావ అడగలేదు. "ఎటు జారాలి?" అన్నాడు. ఈశాన్యానికి, అన్నారు సిద్ధాంతిగారు. ఈశాన్యంలో ఉన్నది మా ఇల్లు. వాళ్ళ మంచు మా తులసికోట మీద పడడానికి వీల్లేదని నేను గట్టిగానే అభ్యంతరం చెప్పాను. అందరూ ఆలోచనలో పడ్డారు.

మేస్త్రీ మాత్రం, "సార్, స్లాబు మీద మడులు కట్టి పది రోజులు నీళ్ళు నిలపాలె, లేకుంటే కారుతది" అన్నాడు. ఆ సభలో కప్పు గురించి మాట్లాడినవాడు అతనొక్కడే. స్లాబు రోజుకి మటన్ ఎన్ని కిలోలో చెప్పమన్నారు అతన్ని.

మా తాతలది గూనపెంకుల ఇల్లు. పెంకుల సందుల్లోంచి వేడి పోయేది. కోతులొచ్చి ఆ పెంకులన్నీ పీకేశాయి. సరే, కోతుల్ని క్షమిద్దాం, వాటికి ఎలివేషన్ పిచ్చి లేదు.

పైన తెల్ల రంగైనా వేయించండయ్యా అన్నాను. 2023లో తెలంగాణ ప్రభుత్వం, ఎండ వేడిని తిప్పికొట్టే కప్పులుండాలని, కూల్ రూఫ్ విధానం తెచ్చింది కదా. ఇళ్ళకైతే 600 గజాలు, ఆపైన ప్లాట్లకే తప్పనిసరి అట, వీళ్ళది 200 గజాలు. ఎండ కూడా రిజిస్ట్రేషన్ కాగితం చూసుకునే కొడుతుంది కాబోలు. పైగా ఒట్టి తెలుపైతే గృహప్రవేశం డ్రోన్ వీడియోలో బాగుండదట.

ఎదురింటి స్లాబు మీద రెండు రేకుల గదులున్నాయి. సిమెంటు రేకులు, చేతికందే ఎత్తు, ఫ్యాను తిప్పితే వడగాలి. నెలకి కిరాయి మాత్రం ఠంచనుగా వసూలు. అందులో ఉండేది ఆ ఇంటికి ఇటుకలు మోసిన కుటుంబమే. ఉత్తుత్తి పెంకులకి లక్షలు పోసినవాడికి, ఆ రేకుల కింద నాలుగు తడకలు కట్టించడానికి చేతులు రాలేదు. సిగ్గుండాలి! తన ఏసీ పెట్టె ఊదే వేడిగాలి కూడా వాళ్ళ గుమ్మంలోకే పెట్టించాడు.

మధ్యాహ్నం పూట ఆ రేకుల గదిలో ఉండే తల్లి పసిపిల్లను ఎత్తుకుని ఆ ఉత్తుత్తి కప్పు వెనక మూరెడు నీడలో కూర్చుంటుంది. పిల్లకి ఎండ తగలకుండా పక్కన ఓ తడి చీర కట్టుకుంటే, కిందనుంచి ఓనరమ్మ కేకేసింది, ఎలివేషన్ కనబడటం లేదు, తీసెయ్యమని.